పోతపాలును పసిబిడ్డల రక్తపుపోటును

మా పొరుగింటి పెద్దమ్మగారి కుమార్తె పురిటికి పుట్టింటికి వచ్చి మగబిడ్డను గనెను. నెలలు నిండకముందే పుట్టినవాడగుటచే బిడ్డను కొన్నిదినములు ఆసుపత్రిలోనే యుంచవలసివచ్చెను. తల్లికి పాలు చాలలేదు. వైద్యులు చెప్పినట్లు డబ్బాపాలు పట్టిరి. బిడ్డ కోలుకొని యింటికి వచ్చెను. కొన్ని వారములకు మరల చూపింపబోగా నర్సు ఒక చిన్నపట్టీ వాని చేతికి చుట్టి, 94 అని కాగితముపై వ్రాసియిచ్చెను. పుట్టిన నాలుగవనాడు వ్రాసిన కాగితములో ఉన్న అంకె 68.

ఆ రెండు కాగితములును ప్రక్కప్రక్కన పెట్టి చూచుసరికి పెద్దమ్మగారి గుండె జారెను. ఆమె తానును రక్తపుపోటునకు పది సంవత్సరములుగా మాత్రలు మ్రింగుచున్న మనిషి. చూడవచ్చిన చుట్టములలో నొకరు, "పోతపాలు తాగిన పిల్లలకు పెద్దయ్యాక పోటు తప్పదుట" అని యొకమాట విసరిపోయిరి. నాటిరాత్రి ఆ చిన్నది అన్నము ముట్టలేదు. మఱునాడు కాగితములు పట్టుకొని మాయింటికి వచ్చి, "పిన్నిగారూ, నేను వాడికి కీడు చేశానా?" అని అడిగినది.

ఇట్టి ప్రశ్నకు ఊరకే "లేదమ్మా" అని చెప్పి పంపుట దయయే గాని సమాధానము కాదు. అందుచేత మేము తెలిసిన వైద్యులనడిగియు, వ్రాతలు చదివియు గ్రహించిన సంగతులను మన సోదరీమణుల కందఱికి నుపయోగపడునని యిచట వ్రాయుచున్నాము.

మొదట ఆ అంకెల మాట. గుండె ముడుచుకొన్నపుడు రక్తము నాళముల గోడలను నెట్టు బలమునే పోటు అందుము. దానిని పాదరసపు మిల్లీమీటర్లలో కొలుతురు. పెద్దవారికి పై అంకె 120 ప్రాంతమున నుండుట మేలు. పసిబిడ్డకు ఆ లెక్క వర్తింపదు. లండనులోని బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు శిశువులను వరుసగా కొలిచి 1980లో ప్రకటించిన దానినిబట్టి, నాలుగవ దినమున సగటున 76 ఉండిన పై అంకె, ఆరువారములు నిండునప్పటికి మెలకువతో నున్న బిడ్డలలో 96 వఱకు పెరిగెను. అటుపిమ్మట ఏడాదివఱకు దాదాపు అక్కడనే నిలిచెను. అనగా ఆ మొదటి ఆరువారములలోని పెరుగుదల రోగము కాదు, ఎదుగుదల. బిడ్డ తూకము పెరిగినట్లే పోటును పెరుగును. నెలలు నిండని బిడ్డకు మొదటి అంకె మఱింత తక్కువగా నుండుట సహజము. కావున 68 మీదినుండి 94 నకు వచ్చిన ఆ పసివాడు చేసినదెల్ల పెరుగుట మాత్రమే! ఈయొక్క సంగతి ఆ నర్సు రెండు మాటలలో చెప్పియున్నచో ఒక బాలెంత ఉపవాసము తప్పియుండెడిది.

పసివాని పోటు కొలుచుట పెద్దవారిని కొలిచినంత సుళువు కాదని కూడ తల్లులు తెలిసికొనవలెను. ఇటలీ వైద్యుడు రివా రోచ్చి 1896లో చేతికి చుట్టు పట్టీని కల్పించెను. రష్యా వైద్యుడు కొరోట్కోవ్ 1905లో గొట్టముతో నాళపు చప్పుడు విని కొలుచు పద్ధతి చెప్పెను. పసిబిడ్డ చేతిలో ఆ చప్పుడు సరిగా వినబడదు. ఇప్పుడు యంత్రములు ఆ కష్టమును కొంత తీర్చినవి. అయినను పట్టీ చేతికి తగినంత వెడల్పులేక ఇఱుకైనచో అంకె ఎక్కువగా చూపును. బిడ్డ ఏడ్చినచో ఎక్కును. పాలు కుడుచుచున్నపుడు ఎక్కును. నిద్రించునపుడు దిగును. చన్ను కుడుచుటయు, సీసా తిత్తి చప్పరించుటయు రెండును పసివానికి పనియే కదా! ఆ శ్రమచే క్షణకాలము పెరిగిన పోటు, పని ముగియగానే తగ్గును. అందుచేత ఒక్కసారి కొలిచిన అంకెనుబట్టి వైద్యులెవ్వరును తీర్పు చెప్పరు.

ఆరోగ్యముగా పుట్టిన బిడ్డకు మూడవయేడు వచ్చువఱకు పోటు కొలిపింప నక్కఱలేదనియే నేటి వైద్యుల మతము. నెలలు తక్కువగా పుట్టినవారికి, మూత్రపిండముల జబ్బుగాని గుండెజబ్బుగాని కలవారికి మాత్రము ముందుగానే కొలువవలెను. పసితనమున నిజమైన రక్తపుపోటు వచ్చినచో దానికి కారణము సామాన్యముగా మూత్రపిండములలోనో, వానికి పోవు నాళములలోనో, గుండెనుండి వెడలు పెద్దనాళము పుట్టుకతోనే ఇఱుకగుటలోనో ఉండును. అది పాలసీసాలోనుండి వచ్చునది కాదు.

మఱి చుట్టము విసరిన మాటకు మూలమే లేదా? కలదు. అది ఉప్పుతో మొదలగును.

ప్రతిజాతి తల్లియు తనబిడ్డ పెరుగు తీరునకు తగిన పాలనే ఇచ్చును. దూడ పుట్టిన గడియకే లేచి నిలుచును, నెలలలో మణుగులకొలది బరువెక్కును. మానవశిశువు తలనిలుపుటకే మూడు నెలలు పట్టును. తల్లిపాలు నూఱు మిల్లీలీటర్లలో సోడియము సుమారు 15 మిల్లీగ్రాములుండగా, ఆవుపాలలో దానికి మూడింతలుండును. సోడియమనగా ఉప్పులోని ముఖ్యభాగము. పసివాని మూత్రపిండములు లేతవి. మిగిలిన ఉప్పును పెద్దవారివలె త్వరగా వెడలగొట్టలేవు. వెడలగొట్టుటకు నీరు కావలెను. ఆ నీరు ఒంటిలోనుండియే పోవును.

ఒకప్పటి డబ్బాపాలు ఆవుపాలను ఎండబెట్టిన పొడియే. వానిలో ఉప్పు హెచ్చు. దానికితోడు, బిడ్డ బలముగా పెరుగవలెనని తల్లులు ఒకచెంచా పొడి ఎక్కువ వేసెడివారు. అట్లు చిక్కగా కలిపిన పాలు త్రాగి, రక్తములో ఉప్పు మితిమీఱి, బిడ్డలు మూర్ఛలు వచ్చి అపాయమున పడుటను ఇంగ్లాండు వైద్యులు 1960, 1970 దశకములలో పలుమాఱులు చూచిరి. 1974లో అచటి ప్రభుత్వము నియమించిన సంఘము ఈ సంగతిని విచారించి, తల్లిపాలకు దగ్గఱగా ఉప్పు తగ్గించిన పాలపొడులనే వాడుట మేలని చెప్పెను. అమెరికాలోను, డబ్బాలలో అమ్ము పసిపిల్లల కూరగాయల గుజ్జులో 1970 దశకమువఱకు ఉప్పు కలుపుచుండిరి. ఎందుకనగా, డబ్బా విప్పి రుచి చూచునది బిడ్డ కాదు, తల్లి! తల్లి నాలుకకు రుచించినగాని మఱల కొనదని వ్యాపారుల యోచన. వైద్యులు ఆక్షేపించినమీదట 1977 ప్రాంతమున ఆ యాచారము పోయినది.

ఈ ఉప్పు బిడ్డ పోటుపై నిజముగా పనిచేయునా అని హాలెండు దేశములోని జూటర్మేర్ అను ఊర పరీక్షించి చూచిరి. అచ్చట పుట్టిన 476 మంది శిశువులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒకజట్టునకు మామూలు ఉప్పుగల ఆహారమును, రెండవజట్టునకు దానిలో మూడవవంతు ఉప్పుగల ఆహారమును ఆరునెలలు ఇచ్చిరి. ఏ బిడ్డ ఏ జట్టులోనిదో తల్లికిని తెలియదు, కొలుచువారికిని తెలియదు. ఆరవ నెలలో, ఉప్పు తగ్గించిన బిడ్డల పైపోటు రెండవవారికన్న సుమారు 2 మిల్లీమీటర్లు తక్కువగా నుండెను. 1983లో ఈ సంగతి ప్రకటించిరి. ఆశ్చర్యమేమన, పదునైదేండ్ల తరువాత వారిలో 167 మందిని వెదకిపట్టి కొలువగా భేదము పోలేదు సరికదా, 3.6 మిల్లీమీటర్లుగా కనబడెను. దొరికినది మూడవవంతు పిల్లలే గనుక దీనిని శాసనముగా పుచ్చుకొనరాదు. అయినను పుట్టినపుడు ఆరునెలలు తిన్న ఉప్పు పదునైదేండ్లకును జ్ఞాపకము పెట్టుకొన్న శరీరము మాకు వింతగా తోచినది.

మా పొరుగింటి పసివానికి చెందిన పరీక్ష వేఱొకటి కలదు. ఇంగ్లాండులో 1982 మొదలు 1985 వఱకు నెలలు నిండక పుట్టిన శిశువులకు కొందఱికి ఇతర తల్లులు దానమిచ్చిన పాలును, కొందఱికి అట్టి శిశువులకని ప్రత్యేకముగా చేసిన డబ్బాపాలును పట్టిరి. తల్లికి పాలున్నచో అవియు ఇచ్చిరి. పదమూడు మొదలు పదునాఱేండ్ల వయసున కొలువగా, దానపు పాలు త్రాగిన 66 మంది సగటు పోటు, డబ్బాపాలు త్రాగిన 64 మందికన్న సుమారు 4 మిల్లీమీటర్లు తక్కువ. 2001లో వచ్చిన ఈ ఫలితమే వార్తాపత్రికలకెక్కి, నోటినోట సాగి, ఇంటింటికి చేరినది. దారిలో "నెలలు నిండని బిడ్డలు" అన్న మాట జాఱిపోయినది. "సగటున" అన్న మాటయు జాఱిపోయినది. "తప్పదుట" అన్న మాట మాత్రము వచ్చి చేరినది.

తరువాత నెలలు నిండిన బిడ్డల సంగతి విచారించినవారు పెక్కుమంది. 2003లో అట్టి పరిశీలనలనెల్ల ఒకచోటికి చేర్చి చూడగా ఒక చిత్రము బయటపడెను. మూడువందలలోపు మందిని కొలిచిన చిన్న పరిశీలనలలో, చనుబాలు త్రాగినవారికి పైపోటు 2 మిల్లీమీటర్లు తక్కువ. వేయిమందికి మించి కొలిచిన పెద్ద పరిశీలనలలో ఆ భేదము ఇంచుమించు సున్న. భేదము కనబడిన చిన్న పరిశీలన అచ్చగును, కనబడనిది బీరువాలో పడియుండును. అందువలన చిన్నవాని లెక్క పెద్దదిగా తోచునని పండితులు చెప్పుదురు. ఊళ్లోని వదంతికిని ఇదేగదా లక్షణము! 2005లో మఱల చేసిన లెక్కలో భేదము 1.4 మిల్లీమీటర్లని తేలెను.

ఇంతకన్న సూక్ష్మమైన చిక్కొకటి కలదు. ఇంగ్లాండువంటి దేశములలో చదువును కలిమియు గల తల్లులే ఎక్కువకాలము చన్నిత్తురు. వారి పిల్లలకు మంచి తిండియు, మంచి ఇల్లును ఉండును. పెద్దయినపిమ్మట పోటు తక్కువగా ఉన్నచో ఆ ఘనత పాలదా, కలిమిదా? దీనిని తేల్చుటకు బ్రిస్టల్ ప్రాంతపు పిల్లలను, బ్రెజిల్ దేశమున పెలోటాస్ పట్టణపు పిల్లలను పోల్చిచూచిరి. పెలోటాస్‌లో చన్నిచ్చుటకును కలిమికిని ముడిలేదు. 2011లో ప్రకటించిన ఈ పోలికలో, బ్రిస్టల్‌లో కనబడిన పోటు భేదము పెలోటాస్‌లో కనబడలేదు. పాల ఖాతాలో వ్రాసికొన్నదానిలో కొంత కలిమి ఖాతాలోనిదని దీనివలన తోచుచున్నది.

అన్నిటికన్న పెద్దపరీక్ష బెలారుస్ దేశమున జరిగెను. తల్లులను "నీవు చన్నిమ్ము, నీవు మానుము" అని శాసించుట అధర్మము. అందుచేత 31 ఆసుపత్రులను చీట్లువేసి, కొన్నింట చన్నిచ్చు తల్లులకు ప్రత్యేక సహాయమును బోధనను ఏర్పఱచిరి. 1996, 1997 సంవత్సరములలో పుట్టిన 17,046 మంది బిడ్డలు అందు చేరిరి. సహాయము పొందిన చోట్ల మూడవ నెలలో నూటికి 43 మంది బిడ్డలు తల్లిపాలే త్రాగుచుండగా, మిగిలినచోట్ల నూటికి 6 గురే. ఇంత భేదముండియు, ఆఱున్నరయేండ్ల వయసున కొలువగా రెండు వర్గముల పిల్లల పోటును సమానమే. పదునొకండున్నర ఏండ్లకు మఱల కొలిచినను అంతే. ఇచట పోల్చినది చనుబాలు ఎక్కువకాలము త్రాగినవారిని తక్కువకాలము త్రాగినవారితో గాని, అసలు త్రాగనివారితో కాదు. ఆ మేరకు ప్రశ్న ఇంకను మిగిలియే యున్నది. కాని భయపెట్టునంతటి భేదమే ఉండినచో పదివేల మందికి మించినచోట తొంగియైనను చూచియుండెడిది.

అయినచో తల్లిపాల గొప్ప తగ్గెనా? లేదు. ఆ బెలారుస్ పరీక్షలోనే, మొదటి యేడాదిలో కడుపుజబ్బు చేసిన బిడ్డలు ఒకవైపు నూటికి 9 మంది, రెండవవైపు 13 మంది. మంచినీటి వసతియున్న దేశములోనే యిట్లుండగా, సీసా కడుగు నీటినే నమ్మలేని చోట్ల తల్లిపాలు ప్రాణరక్షణమే. ఆరునెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప నీరుకూడ నక్కఱలేదనుట ఇందువలననే. మన దేశమున 1992లో డబ్బాపాల ప్రకటనలను నిషేధించుచు చట్టము చేయుటకును ఇదియే కారణము. తల్లిపాలను పొగడుటకు పోటును సాక్ష్యమునకు పిలువ నక్కఱలేదు. బలహీనమైన సాక్షిని తెచ్చిన వాదము బలమైన సాక్షులను గూడ చెఱచును. పైగా పాలు పడని తల్లిని ఆ సాక్ష్యముతో దోషిగా నిలబెట్టుట మాకెంతమాత్రమును సమ్మతము కాదు.

ఈ సందర్భమున మన తెలుగునాటి సంగతి యొకటి చెప్పక విడువలేము. హైదరాబాదు చేరువనున్న 29 గ్రామములలో 1987 మొదలు 1990 వఱకు ఒక పరీక్ష జరిగెను. పదునైదు గ్రామములలో గర్భిణులకును, బాలెంతలకును, చిన్నపిల్లలకును దినమునకొకపూట అదనపు ఆహారమిచ్చిరి. మిగిలిన పదునాలుగింట అప్పటికింకను ఆ యేర్పాటు రాలేదు. ఆ పిల్లలు పదమూడు, పదునెనిమిదేండ్ల నడుమ వయసునకు వచ్చినపుడు 1,165 మందిని పరీక్షించిరి. ఆహారము పొందిన ఊళ్ల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడవు హెచ్చిరి. వారి నాళములు కొంత మెత్తగా నుండెను. పోటు అంకెలలో మాత్రము చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అంకె మాఱకున్నను నాళము మెత్తబడుట చిన్నలాభము కాదు. ఇచట గమనింపదగినది, ఆ గిన్నె బిడ్డకు మాత్రమే కాక తల్లికిని అందుట. బిడ్డ సీసాను గూర్చి పదిమంది విచారింతురు. బాలెంత కంచమును గూర్చి విచారించువారెందఱు? పథ్యమని కారపుపొడి, నేయి తప్ప పెట్టని యిండ్లింకను మేమెఱుగుదుము.

ఇక పోతపాలు తప్పనివారు చేయవలసినది. డబ్బాలోని చెంచాతోనే, గుట్టగా కాక సమముగా కొలిచి, డబ్బాపై చెప్పినన్ని నీళ్లలోనే కలుపవలెను. ఒక డబ్బా చెంచా మఱొక డబ్బాకు పనికిరాదు. బలమునకని ఇంకొక చెంచా వేయుట పైన చెప్పిన ఇంగ్లాండు తల్లుల పొరపాటే. ఏడాది నిండువఱకు ఆవుపాలుగాని గేదెపాలుగాని ముఖ్యాహారముగా ఇయ్యవలదని వైద్యులు చెప్పుచున్నారు. వానిని మఱిగించి మఱిగించి చిక్కచేసి ఉగ్గుగిన్నెతో పోయుట మఱింత కూడదు. నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు.

ఉప్పు సంగతి తల్లిపాల బిడ్డకైనను పోతపాల బిడ్డకైనను ఒక్కటే. రెండు వ్రేళ్లనడుమ పట్టిన చిటికెడు ఉప్పు మూడవవంతు గ్రాము తూగుననుకొందము. దానిలోని సోడియము, ఒక శిశువు దినమెల్ల త్రాగిన తల్లిపాలలోని సోడియముకన్న కొంచెము హెచ్చే గాని తక్కువ కాదు. ఆరునెలల పిదప పప్పుకట్టు, మెత్తని అన్నము, ఉడికించిన కూరలు పెట్టుట మొదలిడునపుడు, ఏడాది నిండువఱకు వానిలో ఉప్పు వేయవలసిన పనిలేదు. పాలలోను, కూరలలోను, పప్పులోను స్వతస్సిద్ధముగా ఉన్నది చాలును. పుట్టినబిడ్డకు ఉప్పురుచిపై మక్కువ లేదు; నాలుగవ నెల ప్రాంతమున అది అంకురించును. తరువాత దేనికలవాటు చేసిన దానినే కోరును.

ఈ మాట మేము పెద్దమ్మగారితో అన్నపుడు ఆమె నమ్మలేదు. "ఉప్పు లేని చప్పిడి మనమే తినలేం, పసివాడెలా తింటాడమ్మా?" అనిరి. వాడు దాని రుచి యెఱిగినగదా లేదనుటకు, అంటిమి. ఆమె నవ్వి యూరకుండిరి.

ఆ చిన్నదానికి మేము చెప్పినది ఇంతే. నీబిడ్డ పోటు వాని వయసునకు తగినట్లే యున్నది. నెల తక్కువవాడు గనుక వైద్యులు చెప్పిన గడువులలో కొలిపింపుము; నిదురలోనో, ఊరకున్నపుడో కొలువుమని అడుగుము. నీకు పడినన్ని పాలు ఇమ్ము. చాలనివి డబ్బావి పట్టుము. పోతపాలు పట్టనిచో ఆ మొదటి వారములలో వాడేమయ్యెడివాడో నీకు తెలియును గదా!

మగబిడ్డ గనుక సరినెల చూచి అన్నప్రాశన పెట్టుకొనిరి, మమ్మును పిలిచిరి. బియ్యపు పాయసము వాని నాలుకకు రాచిరి. వాడు మూతి ముడిచి, మఱల నోరుతెఱచెను. వంటింటిలో పొయ్యిమీద పెద్దగిన్నెలో పప్పు ఉడుకుచుండెను. దాని ప్రక్కన మూతపెట్టిన చిన్నగిన్నె యొకటి వేఱుగా నుండెను. పెద్దమ్మగారు ఉప్పుజాడీ తెచ్చి, పెద్దగిన్నెలో మాత్రము వేసి, మావంక చూచి, జాడీని పైయటుకుమీద పెట్టిరి.